మంగళవారం క్లాసులన్నీ బుధవారం అయిపోయాయి

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. వరంగల్‌లోనే ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది, క్యాంపస్ ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. దెబ్బతిని వచ్చాడని ముఖం చూస్తేనే తెలిసిపోయింది. మంచినీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టాడు. "మామా, ప్రతి మంగళారం వచ్చే ఈవెంటును డేటాబేస్‌ల ఎట్ల దాస్తవని అడిగిండు. ఒక్కో రోజుకు ఒక్కో రో పెడతనన్న. ఆ ఈవెంటుకు ముగింపే లేకపోతే ఎన్ని రోలు పెడతవు అన్నడు. నాకేం తోచలే."

రోలు అన్న మాట వినపడి మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. వాడన్నది డేటాబేస్ టేబుల్‌లో, అంటే పట్టికలో, ఒక వరుస. అందుకే ఇక్కడ నుంచి నేను వరుస అనే అంటాను.

ఇంటర్వ్యూ చేసినాయనకు కావాల్సిన జవాబు నాకు తెలుసు. రోజులు దాచకు, "ప్రతి మంగళవారం సాయంత్రం 5కి" అన్న నియమాన్ని ఒక్క వరుసలో దాచు, క్యాలెండర్ తెరిచినప్పుడు అందులోంచి రోజులు లెక్కగట్టు. ఎక్కడ వెతికినా ఇదే దొరుకుతుంది. మేనల్లుడికి నేనూ అదే చెప్పి, పెరుగన్నం తినిపించి పంపించాను. పంపాక మనసు ఒప్పలేదు. ఎందుకంటే ఆ జవాబునే నమ్మి నేను ఒకసారి ఒకావిడ ఏడాది లెక్కలన్నీ తారుమారు చేశాను.

వరుసలు ఎక్కువైతే ఏమవుతుంది?

ముందు మావాడి పక్షాన ఒక మాట. నేను హనుమకొండలో ఇంటి నుంచే పనిచేస్తూ చిన్నచిన్న వాళ్లకు సాఫ్ట్‌వేర్ రాసిపెడతాను. అందులో ఒకరు సంగీతం టీచర్. అరవై మంది పిల్లలు, ఒక్కొక్కరికి వారానికి రెండు క్లాసులు. ఒక్కో క్లాసుకు ఒక్కో వరుస రాసుకుంటే ఏడాదికి 6,240. పదేళ్లకు 62,400. నేను వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కు ఇదొక లెక్కే కాదు. కోట్ల మంది వాడే క్యాలెండర్ కట్టేవాళ్ల బాధ వేరు. మనలో చాలామంది కట్టేది టీచర్లకు, క్లినిక్‌లకు, ట్యూషన్లకు. "వరుసలు గుట్టలు పడిపోతాయి" అని భయపెట్టడం వీళ్ల విషయంలో ఉత్త బెదిరింపు.

రోజుకో వరుస పెట్టడంలో అసలు చిక్కు వేరే ఉంది. ఒక్కో పిల్లకు ఏడాదికి నూట నాలుగు వరుసలు ఉంటాయి, అవన్నీ ఒకే మాటలోంచి పుట్టాయన్న సంగతి ఎక్కడా ఉండదు. టీచర్ "ఇకమీద మంగళవారం కాదు, బుధవారం" అన్నప్పుడు ఏ వరుసలు మార్చాలి? అందులో ఒకటి పండగ వల్ల ముందే గురువారానికి జరిపింది ఉంటే? దాన్ని కదిలించాలా, వద్దా? వరుసను చూసి చెప్పలేం. పైగా ముగింపు లేనిదానికి ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. మొదట్లో నేను రెండేళ్లకు సరిపడా రాసి ఊరుకున్నాను. రెండేళ్లు నిండిన వారం ఒక పిల్లాడి తండ్రి టీచర్‌ను అడిగాడు, క్లాసులు బంద్ చేస్తున్నారా మేడమ్ అని. తర్వాతి వారం ఖాళీగా కనబడింది మరి.

అలా నేను నియమం వైపు వెళ్లాను. వెళ్లి, ఇంకో గోతిలో పడ్డాను.

అమ్మ పాల లెక్క

ఆ గొయ్యి సంగతికి ముందు మా వంటింటి గోడ మీది క్యాలెండర్ చూపించాలి. ప్రతి నెలా పైన ఖాళీలో అమ్మ రాస్తుంది: "పాలు 1 లీ., 70". అంతే. పాలు వచ్చిన రోజుల మీద ఏ గుర్తూ ఉండదు. రాని రోజు మాత్రం గడిలో ఇంటూ కొట్టి చిన్నగా "నాగా" అని రాస్తుంది. చుట్టాలొచ్చిన రోజు గడిలో "2 లీ." అని ఉంటుంది. నెలాఖరున పాలాయన గుమ్మంలో నిలబడి ఉండగా ఇద్దరూ కలిసి గడులు లెక్కబెడతారు. ముప్పై రోజుల నెలలో మూడు నాగాలు, ఒక రోజు ఎక్కువ లీటరు. కింద అడుగున "28 లీ., ఇచ్చేశాం" అని రాసి గీత కొడుతుంది.

క్యాలెండర్ల ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5545 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలకు ఆర్‌ఎఫ్‌సీ అని పేరు) వచ్చింది 2009లో. దానికి ముందుది, 2445, 1998లో. ఫోన్లలో, ఆఫీసు మెయిళ్లలో క్యాలెండర్లు ఒకదానికొకటి ఈవెంట్లు పంపుకునేది ఆ భాషలోనే. అందులో ఉన్న ముఖ్యమైన సంగతులన్నీ మా అమ్మ గోడ మీద ఉన్నాయి. పైన రాసింది ఆర్‌రూల్, అంటే నియమం. నాగా అంటే ఎక్స్‌డేట్, ఎక్సెప్షన్ డేట్, నియమంలోంచి తీసేసిన రోజు. "2 లీ." అన్నది ఆ ఒక్క రోజుకు మార్చిన ప్రతి. నాగా అన్న మాట ఇంత చక్కగా ఉండగా ఎక్సెప్షన్ అని ఎందుకు పేరు పెట్టాలో నాకు అర్థం కాదు. నా టేబుల్ పేరు ఇప్పుడు నాగాలే.

అయితే అమ్మ క్యాలెండర్‌లో ఉండి నా ప్రోగ్రామ్‌లో లేనిది ఒకటుంది. అడుగున కొట్టిన గీత. ఒకసారి పదహారో తారీఖు నుంచి లీటరు 75 అయింది. అమ్మ పైనున్న 70ని కొట్టేయలేదు. 16వ గడిలో "ఇక్కణ్ణుంచి 75" అని రాసింది. పోయిన నెల కాగితం తిప్పి చూస్తే అక్కడ 70 అలాగే ఉంది, గీత అలాగే ఉంది. పాత నెలను ఆవిడ మళ్లీ లెక్కగట్టదు. ఎందుకు గడుతుంది? డబ్బులిచ్చేసింది.

నేను చేసిన పని

2025 జూన్‌లో బడులు తెరిచాక టీచర్ ఫోన్ చేశారు. ఫలానా బ్యాచ్ పిల్లలకు బడిలో మంగళవారం సాయంత్రం ఏదో స్పెషల్ క్లాసు పెట్టారు, మనం బుధవారానికి మార్చుకుందాం అని. నా దగ్గర నియమం ఒక్క వరుస. దాన్ని తెరిచి మంగళ తీసేసి బుధ పెట్టాను. అర నిమిషం పని. ఇంత సులువుగా అయిపోయినందుకు కొంచెం గర్వం కూడా అనిపించింది.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. "బాబూ, పోయిన ఏడాది మంగళారం చెప్పిన క్లాసులన్నీ బుధారం అయినయేంది? పాప ఒక్క క్లాసుకు గూడ రాలేదని చూపెడుతుందట, వాళ్లమ్మ స్క్రీన్‌షాట్ పెట్టింది. నేను అబద్ధం చెప్పి ఫీజు తీసుకున్నట్టు ఉన్నది."

జరిగిందేమిటంటే, పాత రోజులు కూడా ఆ నియమంలోంచే పుడుతున్నాయి. నియమం మారగానే గతం మారిపోయింది. హాజరు పట్టికలో తేదీలన్నీ మంగళవారాలు. క్యాలెండర్ ఇప్పుడు చూపించేవన్నీ బుధవారాలు. ఒకదానికొకటి అతకలేదు, అతకని ప్రతి క్లాసూ గైర్హాజరు కింద పడింది. బ్యాకప్ ఉంది కాబట్టి సరిపోయింది. అయినా సరిచేశాక నమ్మకం కోసం టీచర్ తన నోటుబుక్కు పట్టుకుని ఒక్కో తేదీ చదువుతుంటే నేను ఇక్కడ టిక్కు పెట్టుకుంటూ కూర్చున్నాను. నా ప్రోగ్రామ్ వాడుతూనే ఆవిడ ఆ నోటుబుక్కు రాయడం మానలేదని అప్పుడే తెలిసింది. అడగలేదు ఎందుకని. అడిగే ముఖం ఎక్కడుంది?

ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఒకటే. జరగాల్సింది నియమంగా ఉండాలి, జరిగిపోయింది వరుసగా ఉండాలి. రెండూ వేర్వేరు టేబుళ్లు. క్లాసు టైము దాటగానే "ఈ రోజు, ఈ టైముకు, ఈ పిల్ల, వచ్చింది" అని ఒక వరుస పడిపోవాలి, ఆ తర్వాత నియమం ఎటు తిరిగినా దాని జోలికి పోకూడదు. ఇంటర్వ్యూలో మావాడూ ఆ పెద్దమనిషీ "వరుసలా, నియమమా" అని వాదించుకున్నారు. ఆ ప్రశ్నకు ముందు అడగాల్సింది "ఎప్పటి క్లాసు?" అని.

దోస్తు వేసిన అడ్డు ప్రశ్న

ఇది హైదరాబాద్‌లో పనిచేసే దోస్తుకు చెబితే ఒప్పుకోలేదు. నువ్వు రోగం ఒకటైతే మందు ఇంకోటి వేస్తున్నావన్నాడు. తప్పు గతాన్ని నియమంలోంచి లెక్కగట్టడంలో లేదట, నియమాన్ని ఉన్నచోటే దిద్దడంలో ఉందట. మంగళవారం నియమానికి "ఇంతవరకే" అని ముగింపు తేదీ పెట్టి, బుధవారానికి కొత్త నియమం రాసుంటే పాత రోజులు మంగళవారాలుగానే ఉండేవి కదా. మీ అమ్మ చేసింది కూడా అదే కదా, 70 కొట్టేయకుండా 75 రాసింది కదా అన్నాడు. నా కథతో నన్నే కొట్టాడు.

అతను చెప్పింది నిజం. ఇప్పుడు నేనూ నియమాన్ని దిద్దను. పాతదాన్ని మూసి కొత్తది తెరుస్తాను, రెండింటికీ ఒకే బ్యాచ్ నంబరు ఉంటుంది. ముగింపు దగ్గర జాగ్రత్త: ఆర్‌ఎఫ్‌సీలో అంటిల్, అంటే ఇంతవరకు, అని రాసిన రోజు కూడా లోపలిదే. నేను నా టేబుల్‌లో ముగింపు రోజు బయటిది అనుకుంటాను, కొత్త నియమం అదే రోజు మొదలవుతుంది. ఈ రెండు అలవాట్లూ కలిపేస్తే ఒక రోజు రెండుసార్లు వస్తుంది, లేదా అసలు రాదు. రెండూ చూశాను.

కానీ అంతమాత్రాన గతాన్ని రాసిపెట్టుకోనక్కర్లేదంటే ఒప్పుకోను. నియమంలోంచి రోజులు తీసేది ఒక లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్. రేపు దాని కొత్త వెర్షన్ వస్తుంది, అందులో ఏదో లోపం సరిచేస్తారు, పోయిన ఏడాది ఒక రోజు మాయమవుతుంది. టైమ్‌జోన్ల పట్టిక మారుతుంది. నేనే ఎక్కడో ఒక షరతు తిరగేసి రాస్తాను. లెక్కగట్టేది ఎన్నిసార్లు గట్టినా అదే రావాలంటే లెక్కగట్టే యంత్రం కూడా మారకూడదు. అది నా చేతిలో లేదు. అయినా పాప ఆ రోజు వచ్చి వర్ణం పాడి వెళ్లడం ఏ నియమంలోంచీ పుట్టదు. అది జరిగింది, ఎవరో చూశారు, రాశారు. దోస్తు "నీ ఇష్టం" అన్నాడు. ఒప్పుకున్నట్టా కాదా తెలియదు.

ఎన్నో తారీఖు క్లాసు అది?

2025 సంక్రాంతి జనవరి 14న, మంగళవారం. ఆ రోజు క్లాసు పెట్టేదెవరు? కనుమ దాటాక 16న, గురువారం పెట్టుకున్నారు. ఇప్పుడు దీన్ని ఎలా రాసుకోవాలి? మొదట నేను 14న నాగా వేసి, 16న విడిగా ఒక క్లాసు చేర్చాను. చూడ్డానికి బాగానే ఉంది. కానీ రెండింటికీ సంబంధం తెగిపోయింది. నెలాఖరు లెక్కలో 14న టీచర్ రానట్టు, 16న ఎవరో అదనంగా డబ్బు కట్టాల్సినట్టు తేలింది.

టీచర్ నోట్లో మాట గమనించాను. "పద్నాలుగో తారీఖు క్లాసు పదహారున చెప్పిన బాబూ." ఆవిడకు అది 16న జరిగినా 14 క్లాసే. పేరు 14, జరిగింది 16. ప్రమాణంలో దీనికి రికరెన్స్-ఐడీ అని ఉంది, అసలు ఏ రోజున రావాల్సిందో ఆ తేదీయే ఆ క్లాసుకు గుర్తు. ఎన్నిసార్లు జరిపినా గుర్తు మారదు. నా నాగాల టేబుల్‌లో ఇప్పుడు నియమం నంబరు, అసలు తేదీ కలిపితే ఒక తాళంచెవి (కీ), అదే జత రెండోసారి పడదు. కొత్త తేదీ గడి ఖాళీగా ఉంటే నాగా, నిండితే జరిపినట్టు. దీనివల్ల ఇంకో మేలు. రోజూ రాత్రి అయిపోయిన క్లాసులను జరిగినవాటి టేబుల్‌లోకి ఎక్కించే పని ఒకసారి మూడు రోజులు ఆగిపోయింది. మళ్లీ నడిపినప్పుడు, భయంతో రెండుసార్లు నడిపినా, ఒక్క క్లాసూ రెండుసార్లు పడలేదు. ఆ టేబుల్‌కూ అదే తాళంచెవి, ఒప్పుకోదు.

తేలనిది ఒకటి ఉంది. నియమం మంగళవారం నుంచి బుధవారానికి మారినప్పుడు, మూసేసిన తేదీకి అవతల ముందే వేసుకున్న నాగాలు ఏమవ్వాలి? నవంబరు 11, మంగళవారం, పెళ్లికి పోతున్నానని ముందే నాగా చెప్పారు టీచర్. క్లాసు బుధవారానికి మారాక 12న ఉన్నట్టా, లేనట్టా? పెళ్లి ఒక్క రోజుదైతే ఉన్నట్టు, రిసెప్షన్ కూడా ఉంటే లేనట్టు. టేబుల్‌కు ఈ సంగతి ఎట్లా తెలుస్తుంది? నేను తెలివిగా ఏదో ఊహించే కోడ్ రాసి, తీసేశాను. ఇప్పుడు అలాంటివి జాబితాగా చూపించి "వీటిని ఏం చేయమంటారు?" అని అడుగుతుంది. టీచర్‌కు అది విసుగు. నాకు నిద్ర పడుతుంది.

డల్లాస్ పిల్లల గడియారం

టీచర్‌కు అమెరికాలో కూడా పిల్లలున్నారు. ఓరుగల్లు నుంచి వెళ్లిన కుటుంబాలే. డల్లాస్‌లో శనివారం సాయంత్రం 6:30కి కూర్చుంటారు, చలికాలంలో మనకది ఆదివారం పొద్దున 6 గంటలు. అన్ని టైములూ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, దాచాలని ఎవరో నేర్పిన పాఠం ప్రకారం నేను ఆదివారం 00:30 అని దాచాను. 2025 మార్చి 9న అక్కడ గడియారం గంట ముందుకు జరిపారు. ఆ తర్వాతి క్లాసు, మార్చి 16 ఆదివారం, పిల్లలు అక్కడ 6:30కే శ్రుతి పెట్టుకుని కూర్చున్నారు. మనకప్పుడు పొద్దున 5. టీచర్ నిద్రలో ఉన్నారు. నా క్యాలెండర్ 6 అని చెప్పింది మరి. ఫోన్‌లో పన్నెండు మిస్డ్ కాల్స్.

యూటీసీలో ఇంకో వింత ఉంది. చలికాలంలో ఆ క్లాసు యూటీసీ ప్రకారం ఆదివారం 00:30, ఎండాకాలంలో శనివారం 23:30. అంటే టైమే కాదు, రోజే మారిపోతుంది. "ప్రతి శనివారం" అన్న నియమాన్ని యూటీసీలో రాయడానికి వీల్లేదు.

జరిగిపోయినదానికి యూటీసీ బంగారం. ఆ క్షణం ఒక్కటే, ఇక మారదు. జరగబోయేదానికి మాత్రం గోడ గడియారం టైము, ఆ గోడ ఏ ఊళ్లో ఉందో ఆ పేరు, రెండూ కావాలి. డల్లాస్ గడియారానికి ఆ పేరు అమెరికా/షికాగో, మనకు ఆసియా/కోల్‌కతా. "మైనస్ ఆరు గంటలు" అని అంకె రాసుకుంటే చాలదు, ఎందుకంటే ఆ అంకెను ప్రభుత్వాలు మారుస్తాయి. 2022 అక్టోబరులో మెక్సికో దేశంలో చాలాభాగానికి ఎండాకాలం గంట జరపడాన్ని రద్దు చేసింది. తర్వాతి ఎండాకాలానికి ముందే యూటీసీలో రాసిపెట్టుకున్న మీటింగులన్నీ అక్కడ గంట అటూ ఇటూ అయ్యుంటాయి.

ఇక్కడ ఏ గోడ అన్నది నేను నిర్ణయించేది కాదని కూడా తెలిసింది. ఎండాకాలం పొద్దున 5కు లేవలేనని టీచర్ అంటే క్లాసు కోల్‌కతా గోడకు తగిలించాలి, అప్పుడు పిల్లలే 7:30కి కూర్చోవాలి. టీచర్ ఏమన్నారంటే, "పిల్లలకు ఆకలైతది, నేనే లేస్త." సరే, షికాగో గోడ. నియమం వరుసలో ఒక కాలమ్ అది. ఎవరి పొద్దు ఎవరికోసం మారుతుందో ఆ కాలమ్ చెబుతుంది.

మేడారం ఏ నియమానికి దొరుకుతుంది?

జాతర వారంలో టీచర్ క్లాసులు పెట్టరు. హనుమకొండ నుంచి ములుగు వైపు రోడ్డంతా బస్సులు, సగం మంది పిల్లలు ఎలాగూ మొక్కులకు పోతారు. రెండేళ్లకోసారి వచ్చేదే కదా, నియమం రాసేద్దామని కూర్చున్నాను. 2020లో ఫిబ్రవరి 5, 2022లో ఫిబ్రవరి 16, 2024లో ఫిబ్రవరి 21, 2026లో జనవరి 28. అన్నీ బుధవారాలే, సారలమ్మ కన్నెపల్లి నుంచి గద్దెకు వచ్చే రోజు. మధ్యలో వారాలు లెక్కబెట్టాను: 106, 105, 101. ఇంగ్లిషు తేదీల్లో దీనికి నియమం లేదు.

పౌర్ణమి పక్కన పెట్టి చూస్తే మాత్రం కళ్లు మెరిశాయి. మాఘ పౌర్ణమి నాడు గానీ దానికి ముందు గానీ వచ్చే బుధవారం. 2022లో పౌర్ణమి సరిగ్గా బుధవారమే పడింది, జాతర ఆ రోజే మొదలైంది. వెనక్కి 2018, 2016, 2014 కూడా చూశాను, ఏడు జాతరలకూ సరిపోయింది. రాత్రి పదకొండింటికి ఒక్కణ్ణే గెంతినంత పని చేశాను.

పొద్దున్నే చల్లారిపోయింది. ఆర్‌రూల్‌లో మాఘ మాసం అని రాయడానికి లేదు. ఇంగ్లిషు క్యాలెండర్ కానివాటి కోసం 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7529 వచ్చింది, చైనా, హీబ్రూ నెలలు రాసుకోవచ్చు. అందులో ఇండియన్ అన్న పేరుతో దొరికేది 1957లో ప్రభుత్వం తెచ్చిన శక క్యాలెండర్, సూర్యుణ్ణి బట్టి నడిచేది. మన పంచాంగం కాదు. తిథి ఒక్కోసారి పంతొమ్మిది గంటలే ఉంటుంది, ఒక్కోసారి ఇరవయ్యారు. సూర్యోదయానికి ఏది ఉంటే ఆ రోజుకు అదే పేరు కాబట్టి ఒక తిథి ఎగిరిపోనూ వచ్చు, రెండు రోజులు రానూ వచ్చు. 2026లోలాగా అధిక జ్యేష్ఠం వచ్చిందంటే ఒక నెలే రెండుసార్లు వస్తుంది. ఇవన్నీ లెక్కగట్టే లైబ్రరీ తగిలించి, నా సూత్రం రాసేయొచ్చు. కష్టమేగానీ కాని పని కాదు.

అయినా రాయలేదు. ఎందుకంటే ఆ సూత్రం నేను తేదీలు చూసి పట్టుకున్నది, పూజారులు నాకు చెప్పింది కాదు. తేదీలు వాళ్లు నిర్ణయించి ప్రకటిస్తారు. సూత్రానికీ ప్రకటనకూ తేడా వస్తే జనం ప్రకటన ప్రకారం బండి కడతారు. అందుకని సెలవుల టేబుల్‌లో మేడారానికి ఉత్త తేదీలు, పక్కన ఒక కాలమ్: అంచనా, లేదా ప్రకటించింది. 2028కి ఫిబ్రవరి 9 అని నా అంచనా ఉంది. ప్రకటన వచ్చాక దాన్ని దిద్దుతాను. ఉగాది, బతుకమ్మ, వసంత పంచమి అన్నీ ఇదే టేబుల్‌లోకి పోయాయి. బ్యాంకుల రెండో, నాలుగో శనివారాలు మాత్రం నియమంగానే ఉన్నాయి. 2015 సెప్టెంబరు నుంచి అవి అట్లాగే నడుస్తున్నాయి, వాటిని మనిషి ప్రకటించనక్కర్లేదు.

చిట్టీ వాళ్ల నెలాఖరు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. "ప్రతి నెలా 31" అని రాస్తే ప్రమాణం ప్రకారం ఏడాదికి ఏడుసార్లే వస్తుంది, 31 లేని నెలలను అది వదిలేస్తుంది. మన చిట్టీ వాళ్లు వదిలేయరు. వాళ్ల ఉద్దేశం నెల ఆఖరు రోజు, దాన్ని అలాగే రాయాలి. ఒక నెల తేదీకి నెల కలుపుతూ పోయినా తప్పే: జనవరి 31కి నెల కలిపితే పోస్ట్‌గ్రెస్ ఫిబ్రవరి 28 ఇస్తుంది, దానికి మళ్లీ కలిపితే మార్చి 28. మూడు రోజులు ఎక్కడికో పోయాయి.

గది ఖాళీగా ఉందా?

నియమాన్ని దాచడంలో ఒప్పుకోవాల్సిన నష్టం ఉంది. "గురువారం 5కి గది ఖాళీయేనా?" అన్న మామూలు ప్రశ్నకు డేటాబేస్ జవాబివ్వలేదు. నియమాలన్నీ విప్పి చూడాలి. ఒకే గదికి ఒకే టైముకు రెండు క్లాసులు పడకుండా పోస్ట్‌గ్రెస్‌లో మంచి కట్టుబాటు ఉంది, 9.2 వెర్షన్ నుంచి రేంజ్ టైపులు, అంటే "ఇప్పటినుంచి ఇప్పటివరకు" అన్నదాన్ని ఒకే గడిలో దాచే రకాలు, వచ్చాక అది ఇంకా సుఖమైంది. కానీ దానికి వరుసలు కావాలి. నియమాల మీద పనిచేయదు.

కాబట్టి రాబోయే తొంభై రోజులకు మాత్రం వరుసలు రాసిపెడతాను. మావాడు ఇంటర్వ్యూలో చెప్పిందే! తేడా ఏమిటంటే ఆ టేబుల్ మీద నాకు మమకారం లేదు. నియమం మారితే మొత్తం చెరిపి మళ్లీ రాస్తాను, అందులో ఎవరూ చేత్తో దిద్దడానికి లేదు. తొంభై రోజులకు అవతల రెండు బ్యాచ్‌లు గుద్దుకుంటే ఇవాళ తెలియదు. తొంభయ్యో రోజు దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది, మూడు నెలల టైముంటుంది. సంగీతం క్లాసులకు అది చాలు. ఆపరేషన్ థియేటర్ బుకింగుకు చాలదేమో, అది కట్టేటప్పుడు మళ్లీ ఆలోచిస్తాను.

మేనల్లుడికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. మధ్యలో "మామా, ఇంటర్వ్యూల ఇంత టైం ఇయ్యరు" అన్నాడు. నిజమే.

ఈ వ్యాసం రాస్తుండగానే టీచర్ నుంచి కొత్త కోరిక వచ్చింది. పెద్ద పిల్లలకు వారం విడిచి వారం శనివారం ఒక క్లాసు. అది సులువే, ప్రమాణంలో ఇంటర్వెల్ రెండు అంటే సరిపోతుంది. అలవాటు కొద్దీ ఒకటి అడిగాను, ఒక శనివారం నాగా పడితే తర్వాతి శనివారమే పెట్టుకుని అక్కణ్ణుంచి మళ్లీ వారం విడుస్తారా, లేక పాత వరసలోనే ఇంకో వారం ఆగుతారా అని. మొదటిదైతే అది అసలు క్యాలెండర్ నియమమే కాదు, జరిగినదాన్ని చూసి తర్వాతిది లెక్కగట్టాలి. నేను వేరుచేసి పెట్టిన రెండు టేబుళ్లూ మళ్లీ కలుసుకుంటాయి.

టీచర్ కాసేపు ఆలోచించారు. "ఇద్దరు పిల్లలు ఆగలేరు బాబూ, ఎంబడే పెట్టాలె. మిగిలినోళ్లకు పాత లెక్కనే నడవనీ."